వృద్ధుల కేర్ హోమ్ బాధ్యత మీ చేతికొస్తే: నడపడం ఎలా?

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల పెద్దవాళ్ళ కోసం హోమ్ పెట్టినవాళ్ళూ, అలాంటి చోట మేనేజర్‌గా చేరినవాళ్ళూ ఎప్పుడూ దాదాపు ఒకటే అడుగుతారు. "బిల్డింగ్ ఉంది, మంచాలు ఉన్నాయి, స్టాఫ్ ఉన్నారు. అయినా రోజూ ఏదో ఒక టెన్షన్. ఎక్కడ మొదలుపెట్టాలి?"

నేను చెప్పేది ఒకటే. మీ హోమ్‌ని పగలు పదకొండు గంటలకు చూసి అంచనా వేయకండి. అప్పుడు స్నానాలు అయిపోయి, టిఫిన్లు అయిపోయి, అందరూ చక్కగా తయారై కూర్చుని ఉంటారు. రాత్రి రెండు నుంచి ఐదు మధ్య ఎలా ఉంది? డ్యూటీ మారే అరగంటలో ఎలా ఉంది? ఆదివారం మధ్యాహ్నం, సంక్రాంతి మూడు రోజులు, మే నెలలో కరెంటు పోయిన సాయంత్రం ఎలా ఉంది? పెద్దవాళ్ళు పడిపోయేది, మాత్ర తప్పిపోయేది, పొలమారేది ఎక్కువగా ఆ వేళల్లోనే. ఆ వేళలకు సరిపడా ఏర్పాటు చేసుకుంటే మిగతా రోజు నడపడం కష్టం కాదు. కింద రాసినవన్నీ ఆ లెక్కలోనే రాశాను.

ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

కాగితాల సంగతి త్వరగా చెప్పేస్తాను. సంస్థ రిజిస్ట్రేషన్, మున్సిపల్ ట్రేడ్ లైసెన్స్, వంటగదికి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత) లైసెన్స్, బిల్డింగ్‌ని బట్టి అగ్నిమాపక శాఖ అనుమతి కావాలి. స్టాఫ్ 10 మంది అయితే ఈఎస్ఐ (నెల జీతం 21,000 లోపు వాళ్ళకి), లైంగిక వేధింపుల ఫిర్యాదుల కోసం అంతర్గత కమిటీ, 20 మంది అయితే పీఎఫ్. మీ ఆడిటర్‌తో ఒక పూట కూర్చుని ఈ పని పూర్తి చేయండి.

సామాను విషయంలో బీపీ మిషన్, గ్లూకోమీటర్, పల్స్ ఆక్సీమీటర్ ప్రతి ఫ్లోర్‌కీ ఒక సెట్ ఉండాలి. పైఅంతస్తులో ఆయాసం వస్తే కింది నుంచి మిషన్ తెచ్చేలోపు సమయం పోతుంది. వీల్‌చెయిర్, కమోడ్ చెయిర్, వాకర్లు, పుండ్లు పడకుండా వేసే గాలి పరుపు, ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ (కరెంటుతో గాలి నుంచి ఆక్సిజన్ తీసే మిషన్), బరువు చూసే మిషన్ కావాలి. నిలబడలేని వాళ్ళని కుర్చీతో సహా తూచి, తర్వాత కుర్చీ బరువు తీసేయొచ్చు. జనరేటర్ తప్పనిసరి. దాని బడ్జెట్ లేకపోతే కనీసం కాన్సన్‌ట్రేటర్, గాలి పరుపుల లైను, ఫ్రిజ్, బాత్రూం దారి లైట్లు నడిచే ఇన్వర్టర్ పెట్టించండి.

వారానికి ఒకసారైనా వచ్చి చూసే డాక్టరు, రాత్రిపూట కూడా సీటీ స్కాన్ తీసే ఒక ఆస్పత్రితో ముందే మాట్లాడుకున్న ఒప్పందం ఉండాలి. పేరున్న ఆస్పత్రి కంటే దగ్గర్లో ఉండి రాత్రి తలుపు తీసే ఆస్పత్రి మీకు ముఖ్యం.

1. చేర్చుకునే ముందు వాళ్ళ ఇంటికి వెళ్ళి చూడండి

ఫోన్‌లో పిల్లలు "అమ్మ బాగానే నడుస్తుందండీ" అంటారు. వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. ఆర్నెల్ల క్రితం చూసిన అమ్మ గురించి చెబుతున్నారు. మీరు గానీ మీ సీనియర్ నర్సు గానీ వెళ్ళి, మంచం మీద నుంచి లేవడం, బాత్రూంకి వెళ్ళడం, తినడం, మందులు గుర్తుంచుకోవడం కళ్ళతో చూడండి. బార్తెల్ ఇండెక్స్ అని 100 మార్కుల పట్టిక ఒకటి ఉంది. రోజువారీ పనుల్లో ఎంత సాయం కావాలో దాంట్లో తేలుతుంది. చేరినప్పుడు ఒకసారి, తర్వాత మూడు నెలలకోసారి వేయండి.

ఆ పెద్దాయనతోనో పెద్దావిడతోనో ఒక పావుగంట విడిగా మాట్లాడండి. ఇక్కడికి ఉండటానికి వస్తున్నట్టు తెలుసా అని అడగండి. "చెకప్ కోసం నాలుగు రోజులు" అని చెప్పి తీసుకొచ్చే కుటుంబాలు ఉన్నాయి. అలా తెచ్చిన వాళ్ళు వారం గడిచేసరికి అన్నం మానేస్తారు, స్టాఫ్ మీద నమ్మకం పోగొట్టుకుంటారు. నిజం చెప్పించిన తర్వాతే చేర్చుకోండి. మనసు కుదరకపోతే పదిహేను రోజులు ఉండి చూసే ఏర్పాటు పెట్టండి. ఆ పదిహేను రోజులూ ఇంటి గది అలాగే ఉంచమని పిల్లలకు చెప్పండి.

మీవల్ల కాని కేసు తీసుకోకండి. మతిమరుపుతో గేటు దాటి వెళ్ళిపోయే అలవాటున్నవాళ్ళకి గేటు దగ్గర ఇరవై నాలుగు గంటలూ మనిషి కావాలి. అది లేనప్పుడు ఆ మాట కుటుంబంతో మొహమాటం లేకుండా చెప్పండి.

ఒప్పందంలో ఇవి తప్పక రాయాలి: నెల ఫీజులో ఏవి కలుస్తాయి, ఏవి కలవవు (డైపర్లు, డాక్టర్ ఫీజు, ఆస్పత్రిలో తోడు ఉండే మనిషి ఖర్చు), ఏడాదికి ఎంత పెరుగుతుంది, మధ్యలో వెళ్ళిపోయినా చనిపోయినా డిపాజిట్ ఎన్ని రోజుల్లో వెనక్కి ఇస్తారు. స్థానికంగా ఉండే ఒక బంధువు పేరు కూడా రాయించుకోండి. పిల్లలు విదేశాల్లో ఉంటే రాత్రి ఆస్పత్రిలో సంతకం పెట్టేది ఆయనే.

జాగ్రత్త: ఎవరి వీలునామాకీ, ఆస్తి కాగితానికీ మీరు గానీ మీ స్టాఫ్ గానీ సాక్షి సంతకం పెట్టొద్దు. ఏటీఎం కార్డు, పిన్ మీ దగ్గర ఉంచుకోవద్దు. పిల్లలు ఆస్తి రాయించుకుని వదిలేశారని ఎవరైనా చెప్పుకుంటే, 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం కింద ట్రిబ్యునల్‌కి వెళ్ళొచ్చని చెప్పండి. మన రాష్ట్రంలో అది ఆర్డీవో స్థాయిలో ఉంటుంది. చూసుకుంటారన్న షరతు మీద రాసిచ్చిన ఆస్తిని రద్దు చేయమని అడిగే దారి ఆ చట్టంలోని 23వ సెక్షన్‌లో ఉంది. పెద్దవాళ్ళ హెల్ప్‌లైన్ 14567 నంబరు కారిడార్‌లో వాళ్ళకి కనిపించే ఎత్తులో, పెద్ద అక్షరాలతో అంటించండి.

2. ఎలా పిలవాలో మొదటి రోజే అడగండి

ముప్పై ఏళ్ళు బడిలో పాఠం చెప్పినాయన్ని "ఏం తాతా, తిన్నావా?" అని పలకరిస్తే ఆయన మొహం ఎలా మారుతుందో ఒకసారి చూడండి. మాస్టారు అంటే మాస్టారే. కొందరు "మామ్మగారు" అంటే సంతోషిస్తారు, కొందరికి "అమ్మా" అనడం ఇష్టం, కొందరు పేరు పక్కన "గారు" చాలంటారు. అడిగి, గది తలుపు లోపలివైపు రాసి పెట్టండి. కొత్తగా వచ్చిన ఆయాకి కూడా అది కనబడాలి. ఎవరినీ "నువ్వు" అనకూడదన్నది స్టాఫ్‌కి మొదటి రోజు చెప్పే మొదటి నియమం కావాలి.

ఒక్కొక్కరికీ ఒక పేజీ రాయండి. ఎన్నింటికి లేస్తారు, కాఫీయా టీయా, స్నానం వేణ్ణీళ్ళా చన్నీళ్ళా, పూజ ఎంతసేపు, నమాజు వేళలు, చర్చికి వెళ్ళే రోజు, ఏ చెవి బాగా వినిపిస్తుంది, ఏ పేపరు చదువుతారు. ఇది మర్యాద కోసమే కాదు. స్నానానికి రానని గొడవ చేసే పెద్దావిడ విషయంలో చాలాసార్లు తేలేదేమిటంటే, ఆవిడ జీవితమంతా తెల్లవారుజామునే తలుపు గడియ పెట్టుకుని ఒంటరిగా స్నానం చేసింది. మీరు పదింటికి ఇద్దరు ఆయాల్ని పంపుతున్నారు. వేళ మార్చి, ఆవిడకి చనువున్న ఒక్క మనిషిని పంపి, ఒంటి మీద తువ్వాలు కప్పి ఉంచి పోస్తే గొడవ తగ్గుతుంది.

3. డ్యూటీ చార్టు రాత్రి నుంచి మొదలుపెట్టి వేయండి

అందరూ పగటి డ్యూటీ నింపి, మిగిలినవాళ్ళని రాత్రికి వేస్తారు. తిరగేయండి. ముందు రాత్రికి మంచి మనుషుల్ని పెట్టండి. నా అంచనా ఇది: తమంతట తాము నడిచేవాళ్ళయితే పగలు ఎనిమిది మందికి ఒకరు, మంచం మీదున్నవాళ్ళయితే ముగ్గురు నలుగురికి ఒకరు. రాత్రి ఎంత చిన్న హోమ్ అయినా మెలకువగా ఇద్దరు ఉండాలి. ఒకరే ఉంటే, ఒక గదిలో ఒకరు పడిపోయినప్పుడు మిగతా గదులకి ఎవరూ ఉండరు.

- వరుసగా నాలుగు రాత్రులకు మించి ఒకరికే వేయకండి. డబుల్ డ్యూటీ అలవాటు చేస్తే నిద్రమత్తులో మందులు తప్పుతాయి.
- సంక్రాంతి, దసరా సెలవులు నెల ముందే పంచండి. ఊళ్ళ నుంచి వచ్చి పనిచేసే పిల్లలు భోగికి ఇంటికి వెళ్ళాలనుకోవడం న్యాయమే. సగం మంది భోగికి, సగం మంది ముక్కనుమ తర్వాత వెళ్ళేలా వాళ్ళతోనే కూర్చుని రాసుకోండి. పండగ రోజు పనిచేసేవాళ్ళకి అదనపు కూలీ, మంచి భోజనం పెట్టండి.
- స్టాఫ్ ఒరిజినల్ సర్టిఫికెట్లు దాచుకుని నిలబెట్టుకోవాలని చూడకండి. జీతం తేదీ తప్పకపోవడం, వారానికో సెలవు, నడుము పట్టేయకుండా మనిషిని లేపే పద్ధతి నేర్పడం, ఈ మూడూ ఉంటే ఎక్కువమంది ఉంటారు.
- చేర్చుకునేటప్పుడు పోలీస్ వెరిఫికేషన్ తప్పనిసరి. పాత హోమ్‌కి ఫోన్ చేసి మాట్లాడండి.

4. డ్యూటీ అప్పగింత మంచం పక్కనే జరగాలి

ఈ వ్యాసంలో ఒక్కటే అమలు చేస్తారంటే ఇది చేయండి. చాలాచోట్ల రాత్రి డ్యూటీ అమ్మాయి బ్యాగు తగిలించుకుని, "అందరూ బాగానే ఉన్నారక్కా" అని వెళ్ళిపోతుంది. తర్వాత మధ్యాహ్నానికి ఎవరికో జ్వరమని తెలుస్తుంది.

పద్ధతి ఇదీ. వెళ్ళేవాళ్ళూ వచ్చేవాళ్ళూ కలిసి ప్రతి మంచం దగ్గరికీ వెళ్ళాలి. "మాస్టారూ, రాత్రి నిద్ర పట్టిందా?" అని ఆయన్నే అడగాలి. తర్వాత ఐదు సంగతులు చెప్పాలి, రాయాలి: ఏం తిన్నారు, ఎంత నీళ్ళు తాగారు, మూత్రం, విరేచనం అయ్యాయా, కొత్త మార్పు ఏదైనా ఉందా, మందుల్లో ఏదైనా మిగిలిందా. మంచంలో ఉన్నవాళ్ళయితే దుప్పటి తీసి వీపు, మడమలు ఇద్దరూ చూడాలి. ఇరవై మందికి అరగంట పడుతుంది. ఆ అరగంటకి కూడా జీతం లెక్క కట్టండి, లేకపోతే ఎవరూ చేయరు.

రాత్రి రౌండు రెండు గంటలకోసారి. ప్రతి గదికీ వెళ్ళిన టైమ్, మనిషి ఎలా ఉన్నదీ రాయాలి. ఇది ఎందుకంత ముఖ్యమో చెబుతాను. పక్షవాతం వచ్చినప్పుడు రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటల లోపే ఇస్తారు. ఆస్పత్రిలో డాక్టరు అడిగే మొదటి ప్రశ్న, "ఆఖరిసారి మామూలుగా ఎప్పుడు చూశారు?" తెల్లారి ఐదింటికి మూతి వంకర కనిపించిన పెద్దాయన్ని మూడింటికి బాత్రూంకి తీసుకెళ్ళి, మాట్లాడి పడుకోబెట్టినట్టు రాసి ఉంటే ఆ ఇంజెక్షన్‌కి అవకాశం ఉంటుంది. "రాత్రి పదింటికి పడుకున్నారండీ" అని తప్ప ఏమీ చెప్పలేకపోతే ఆ అవకాశం చాలా వరకు చేజారిపోతుంది.

సాధారణంగా జరిగే తప్పు: తెల్లారి ఒకేసారి కూర్చుని రాత్రి రౌండ్లన్నీ రాసేయడం. ఒకే పెన్ను, ఒకే దస్తూరీ, అన్ని టైములూ సరిగ్గా 12:00, 2:00, 4:00 అని ఉంటే అది రాసింది ఉదయమే. నిజంగా తిరిగితే 12:10, 2:25 అని ఉంటుంది. తిట్టే ముందు ఎందుకలా జరుగుతోందో చూడండి. పుస్తకం ఆఫీసులో తాళం వేసి ఉండొచ్చు. గది తలుపు వెనకాలే ఒక షీటు తగిలిస్తే పని సులువవుతుంది.

5. మందులు

మాత్రలన్నీ ఒక ట్రేలో పోసి పంచడం వెంటనే ఆపండి. ఒక్కొక్కరికీ పేరు, ఫొటో అంటించిన డబ్బా ఉండాలి. మాత్ర మింగడం చూశాకే సంతకం పెట్టాలి. బల్ల మీద పెట్టి వచ్చేసి సంతకం చేయకూడదు.

- ఎస్‌ఆర్, ఎక్స్‌ఎల్, ఈఆర్ అని పేరు చివర ఉన్న మాత్రల్ని పొడి చేయొద్దు. రోజంతా నెమ్మదిగా పనిచేయాల్సిన మందు ఒక్కసారే ఒంట్లోకి పోతుంది. మింగలేకపోతే డాక్టర్‌ని అడిగి సిరప్‌గానో వేరే రకంగానో మార్పించండి.
- థైరాయిడ్ మాత్ర పరగడుపున. కాఫీతో కలిపి ఇస్తే సరిగా పనిచేయదు.
- ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు పాత చీటీ, కొత్త చీటీ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకే మందు రెండు కంపెనీ పేర్లతో రెండుసార్లు వేసుకోవడం తరచూ అక్కడే జరుగుతుంది.

ఇన్సులిన్ సిరంజి సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. మన దగ్గర చాలా వయల్స్‌లో (ఇన్సులిన్ సీసాల్లో) ఒక ఎంఎల్‌కి 40 యూనిట్లు ఉంటాయి. వాటికి ఎర్ర మూత ఉన్న 40 సిరంజి వాడాలి. నారింజ రంగు మూత ఉన్న సిరంజి 100 యూనిట్ల ఇన్సులిన్‌కి. అమెరికా నుంచి వచ్చిన కొడుకు ప్రేమగా సిరంజిల ప్యాకెట్ తెచ్చిస్తాడు. అవి 100వి. 40 వయల్ నుంచి ఆ సిరంజితో 20 గీత దాకా లాగితే పడేది 8 యూనిట్లే. తిరగబడితే ఇంకా ప్రమాదం. 100 ఇన్సులిన్‌ని 40 సిరంజితో 20 గీత దాకా లాగితే 50 యూనిట్లు పడతాయి. ఇది ప్రాణం తీయగలదు. హోమ్ మొత్తంలో ఒకే రకం సిరంజి ఉంచండి. రెండోది లోపలికి రానివ్వకండి. పెన్ వాడేవాళ్ళ కార్ట్రిడ్జ్ నుంచి సిరంజితో ఎప్పుడూ లాగొద్దు. వయల్ మీద తెరిచిన తేదీ రాసి, చాలా రకాలకు వర్తించే 28 రోజుల గడువు దాటితే పారేయండి. వాడిన సూదులు చెత్తబుట్టలో వేయకుండా, గుచ్చుకోని గట్టి తెల్ల డబ్బాలో వేసి బయోమెడికల్ వ్యర్థాల వాళ్ళకే ఇవ్వండి.

షుగర్ 70 కంటే తగ్గి, మనిషి స్పృహలో ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించండి. పదిహేను నిమిషాలకు మళ్ళీ చూడండి, ఆ తర్వాత తినడానికి పెట్టండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయొద్దు, 108కి ఫోన్ చేయండి.

హెచ్చరిక: రాత్రి గొడవ చేస్తున్నారని స్టాఫ్ సొంతంగా నిద్రమాత్ర ఇవ్వడం, మంచానికి కట్టేయడం, గదికి బయట గడియ పెట్టడం ఏ పరిస్థితిలోనూ ఒప్పుకోకూడదు. నిన్నటిదాకా బాగున్న ఆవిడ ఈరోజు పొంతన లేకుండా మాట్లాడుతుంటే "వయసు మీద పడింది" అనుకోకండి. మూత్రంలో ఇన్ఫెక్షన్, సోడియం తగ్గడం, షుగర్ పడిపోవడం, మూడు రోజులుగా విరేచనం కాకపోవడం, కొత్తగా మొదలైన మందు, వీటిలో ఏదో ఒకటి ఉండొచ్చు. ఆరోజే డాక్టర్‌కి చూపించండి.

6. పడిపోకుండా, పడితే

బాత్రూంలో కమోడ్ పక్కన, షవర్ దగ్గర గోడలోకి బోల్టులు దిగిన పట్టుకడ్డీలు వేయించండి. టవల్ రాడ్ మనిషి బరువు ఆపదు. గడపలు తీసేయించండి. ర్యాంపు అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవుండాలి. మంచం నుంచి బాత్రూం దాకా రాత్రంతా చిన్న లైటు వెలగాలి. లేచేటప్పుడు ఒకటి రెండు నిమిషాలు మంచం అంచున కూర్చున్నాకే నిలబడటం అందరికీ అలవాటు చేయండి. బీపీ మందులు వాడేవాళ్ళకి ఒక్కసారిగా లేస్తే కళ్ళు తిరుగుతాయి. రాత్రి పడుకునే ముందు, తెల్లవారుజామున నాలుగు ప్రాంతంలో అడిగి బాత్రూంకి తీసుకెళ్తే, తొందరలో ఒంటరిగా లేచి పడేవాళ్ళు తగ్గుతారు.

ఎవరైనా పడితే వెంటనే చంకల్లో చేతులేసి లేపేయకండి. ముందు మాట్లాడించండి. కాలు పొట్టిగా అనిపించి పాదం బయటికి తిరిగి ఉంటే తుంటి విరిగినట్టే అనుకుని కదపకుండా అంబులెన్స్ పిలవండి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళకి తలకి దెబ్బ తగిలితే, లేచి నవ్వుతూ కాఫీ అడిగినా సరే స్కాన్‌కి తీసుకెళ్ళాలి. లోపల రక్తస్రావం కొన్ని గంటల తర్వాత కూడా బయటపడొచ్చు.

7. మంచం మీదున్నవాళ్ళు

రెండు గంటలకోసారి పక్కకి తిప్పడం అందరికీ తెలుసు. చేయాల్సింది సరిగ్గా చూడటం. నడుము కింద, తుంటి మీద, మడమ దగ్గర ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదలండి. తెల్లబడి మళ్ళీ రంగు వస్తే ఇంకా పరవాలేదు. తెల్లబడకపోతే పుండు మొదలైంది. నల్లటి ఒంటి మీద ఎరుపు కనబడదు కాబట్టి పక్క చర్మంతో పోల్చి వేడిగా, గట్టిగా ఉందేమో చేత్తో తడిమి చూడాలి.

తప్పులు: ఎర్రబడిన చోట గట్టిగా మర్దన చేయడం, గుండ్రటి గాలి ట్యూబు మీద కూర్చోబెట్టడం, పౌడర్ దట్టంగా చల్లడం. మూడూ ఆపండి. గాలి పరుపు వేశాం కదా అని తిప్పడం మానేయకండి. మడమల కింద ఖాళీ ఉండేలా పిక్క కింద దిండు పెట్టండి.

8. తిండి, నీళ్ళు

గుంటూరు మనిషికి ఆవకాయ, గోంగూర పూర్తిగా ఆపేస్తే అన్నం కూడా ఆపేస్తాడు. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్ళకి ఎంత ఉప్పు పోతోందో చూసి, అన్నం మొదటి ముద్దకి నాలిక మీద రాసేంత పచ్చడి పెట్టడం నా పద్ధతి. మిగతా కూరల్లో ఉప్పు తగ్గించి లెక్క సరిచేస్తాను. కిడ్నీ జబ్బున్నవాళ్ళకి మాత్రం డాక్టరు చెప్పిందే వేదం.

నీళ్ళు, చారు తాగినప్పుడు పొలమారుతున్నవాళ్ళని గమనించండి. పడుకోబెట్టి ఎప్పుడూ తినిపించొద్దు. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కొంచెం కిందికి ఉంచి, చిన్న చెంచాతో, నోట్లోది మింగాకే రెండోది పెట్టాలి. తిన్నాక అరగంట కూర్చునే ఉండాలి. పదే పదే పొలమారితే తిన్నదీ తాగిందీ ఊపిరితిత్తుల్లోకి పోయి నిమోనియా తెస్తుంది. పలచటి చారు కంటే చిక్కటి రాగి జావ సులువుగా దిగుతుంది.

ఏకాదశి, కార్తీక సోమవారం, శివరాత్రి తేదీలు, రంజాన్ నెల మందుల చార్టు మీదే రాసి పెట్టండి. ఉపవాసం ఉండొద్దని పోట్లాడటం వల్ల దాచి ఉపవాసం చేస్తారు. షుగర్ మాత్ర మాత్రం వేసుకుంటారు, రాత్రికి షుగర్ పడిపోతుంది. ముందు రోజే డాక్టర్‌తో మాట్లాడి డోసు మార్పించండి. పాలు, పండ్లు తీసుకోవడానికి ఒప్పించండి.

9. ఎండాకాలం, వరద, పండగ రద్దీ

వయసు పెరిగేకొద్దీ దాహం తెలియదు. రోహిణి కార్తెలో "దాహం వేస్తే అడగండి" అంటే కుదరదు. గంటకోసారి మజ్జిగో నీళ్ళో చేతికిచ్చి తాగేదాకా ఉండాలి. గుండె, కిడ్నీ సమస్యతో నీళ్ళ పరిమితి ఉన్నవాళ్ళ పేర్లు విడిగా రాసి ఉంచండి. మనకు ఉక్కపోత ఎక్కువ కాబట్టి ఉక్క రోజుల్లో కూలరు పెద్దగా పనిచేయదు. అన్ని గదులకీ ఏసీ పెట్టలేకపోతే ఒక హాలుకి పెట్టి మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా అందరినీ అక్కడే ఉంచండి. ఒళ్ళు కాలిపోతూ మాట తడబడితే అది వడదెబ్బ. తడి గుడ్డలతో ఒళ్ళు చల్లబరుస్తూనే ఆస్పత్రికి తీసుకెళ్ళండి.

2024 సెప్టెంబర్ 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్ళు మునిగినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు, మంచినీళ్ళు పడవల మీద వచ్చాయి. అలాంటి రోజుకి కనీసం వారం మందులు, మూడు రోజుల తాగునీరు, పొడి సరుకులు పైఅంతస్తులో ఉంచండి. కింది అంతస్తులో మంచం మీదున్నవాళ్ళని దుప్పటితో నలుగురు కలిసి మెట్ల మీద ఎలా మోయాలో ఏడాదికి రెండుసార్లు, ఒక స్టాఫ్ మనిషిని పడుకోబెట్టి ప్రాక్టీస్ చేయండి. కాన్సన్‌ట్రేటర్ మీద ఉన్నవాళ్ళకి తోడుగా ఒక ఆక్సిజన్ సిలిండర్ ఉంచండి. దసరాల్లో, ముఖ్యంగా మూలా నక్షత్రం రోజున, ఇంద్రకీలాద్రి చుట్టూ ట్రాఫిక్ మళ్ళిస్తారు. విజయవాడలో ఉంటే ఆ రోజుల్లో అంబులెన్స్ ఏ దారిన వెళ్ళాలో ముందే తేల్చుకోండి.

10. కుటుంబాలతో మాట

ప్రతి ఆదివారం ఒక చిన్న మెసేజ్: బరువు, బీపీ, షుగర్, ఈ వారం ఏం చేశారు, ఏం మారింది. ఫొటోలు ఎన్ని పంపినా ఆ ఒక్క పేరా ఇచ్చే ధైర్యం వేరు. పడిపోయినా, జ్వరం వచ్చినా ఆ గంటలోనే చెప్పండి. ఆలస్యంగా తెలిసిన చిన్న సంగతి కూడా నమ్మకాన్ని తీసేస్తుంది. ఫిర్యాదు వచ్చినప్పుడు ముందు డ్యూటీ పుస్తకం తెరిచి చూసి, ఆ తర్వాత మాట్లాడండి.

పింఛన్ల పని కూడా మీ మీదే పడుతుంది. ఎన్టీఆర్ భరోసా పింఛను వేరే ఊళ్ళో ఉంటే బదిలీకి సచివాలయంలో దరఖాస్తు పెట్టించండి. కేంద్ర పెన్షనర్లకు నవంబర్‌లో జీవన్ ప్రమాణ్ (బతికే ఉన్నట్టు ఇచ్చే డిజిటల్ సర్టిఫికెట్) పని ఉంటుంది. వేలిముద్రలు అరిగిపోయినవాళ్ళకి ఫోన్‌లో ముఖం చూపించి చేసే పద్ధతి ఉంది.

11. చివరి రోజులు

ఇది చేరిన మొదటి నెలలోనే అడగాల్సిన సంగతి. వెంటిలేటర్ దాకా వెళ్ళాలా, ఇక్కడే ప్రశాంతంగా ఉండాలనుకుంటున్నారా? ముందు ఆ పెద్దాయన్నే అడగండి, తర్వాత పిల్లల్ని. డాక్టర్ సమక్షంలో రాసి పెట్టండి. కర్మ ఎవరు చేస్తారు, కొడుకు వచ్చేదాకా ఫ్రీజర్ బాక్సులో ఉంచాలా, కళ్ళు దానం చేయాలనుకున్నారా, ఇవన్నీ ఆ కాగితం మీదే ఉండాలి. నేత్రదానం ఆరు గంటల లోపే జరగాలి కాబట్టి ఆ ఫోన్ నంబరు పైనే రాయండి. మరణం జరిగితే డాక్టర్ ధ్రువీకరణ తీసుకుని, 21 రోజుల్లోపు రిజిస్టర్ చేయించండి. పక్క గదివాళ్ళకి నిజం చెప్పండి, చివరి చూపు చూడనివ్వండి. దాచిపెట్టి వెనక గేటు నుంచి తీసుకెళ్తే మిగిలినవాళ్ళు తమ రోజు గురించి భయపడతారు.

12. బాగా నడుస్తోందో లేదో ఎలా తెలుస్తుంది?

నెలకోసారి ఈ లెక్కలు ఒక కాగితం మీద రాయండి: ఎంతమంది పడ్డారు, ఏ టైమ్‌లో, కొత్త పుండ్లు ఎన్ని, నెలలో బరువు వందకి ఐదు వంతులు తగ్గినవాళ్ళు ఎవరు, మందుల తప్పులు ఎన్ని, స్టాఫ్‌లో ఎవరు మానేశారు, ఎందుకు. మందుల తప్పులు సున్నా అని వరుసగా వస్తే సంతోషపడకండి. చెప్పడానికి భయపడుతున్నారేమో చూడండి. తప్పు చెప్పినవాళ్ళని అందరి ముందూ తిట్టకపోతేనే తర్వాతి తప్పు మీకు తెలుస్తుంది.

నెలకి రెండుసార్లు రాత్రి మూడింటికి చెప్పకుండా వెళ్ళండి. బెల్లు నొక్కి ఎన్ని నిమిషాలకు వస్తారో చూడండి. ఐదు నిమిషాలు దాటితే డ్యూటీ చార్టు మార్చాలి. మంచం మీదున్న మనిషి చేతికి నీళ్ళ గ్లాసు అందుతుందా, బాత్రూం నేల పొడిగా ఉందా, డైపర్ ఎప్పుడు మార్చారు, గదిలో మూత్రం వాసన ఉందా అని చూడండి. మెలకువగా ఉన్న స్టాఫ్‌తో కూర్చుని టీ తాగి, ఏం ఇబ్బందిగా ఉందో అడగండి. పడిపోయినవాళ్ళలో ఎక్కువమంది ఒకే వేళలో పడుతుంటే కొత్త సామాను కొనే ముందు ఆ వేళకి ఒక మనిషిని అదనంగా వేసి, వచ్చే నెల లెక్క మళ్ళీ చూడండి.